కావాలనా, పొరపాటునా

లోపల కమిటీవాళ్ళు మాట్లాడుకుంటున్నారు, కాసేపట్లో పిలుస్తారు, ఇక్కడే ఉండండి అని అటెండరు చెప్పి వెళ్ళాడు, ఉన్నాను. గ్యాలరీ మెట్ల కింద వరండా ఇది, తలెత్తి చూస్తే మెట్ల అడుగుభాగమే కప్పు, పైన ఎవరు నడిచినా నా నెత్తి మీద నడిచినట్టే ఉంది. ఒకటే బెంచీ. ఈ చివర నేను, ఆ చివర పిచ్చుక, మధ్యలో ఆ పిల్ల బూట్ల సంచీ. జట్టు జాబితాలో అసలు పేరు ఉంది గానీ ఆటలో ఎవరూ ఆ పేరుతో పిలవరు, పొట్టిగా చురుగ్గా ఒక్కచోట నిలవకుండా తిరుగుతుందని పిచ్చుక అనే అంటారు. ఇప్పుడు మాత్రం కదలడం లేదు. మోకాళ్ళ మీద తువ్వాలు కప్పుకుని దాని అంచులోంచి ఒక్కొక్క దారమే లాగుతోంది. నా మెళ్ళో విజిల్ ఇంకా వేలాడుతూనే ఉంది, తీసి జేబులో వేసుకుందామంటే చెయ్యి అంతదాకా లేవడం లేదు. పైన జనం ఇంకా వెళ్ళలేదు. అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనలు, నీలం జట్టు పసుపు జట్టు మీద ఒక్క పాయింటుతో గెలిచింది, గెలిచిందనే అందరూ చేతులు కలిపారు, అంతలో పసుపు జట్టు కోచ్ స్కోరు రాసే బల్ల దగ్గరికి వచ్చి ఆ రెండు పాయింట్లు చెల్లవన్నాడు. ఏ రెండు అని ఎవరూ అడగలేదు. పసుపు జట్టు పిల్ల పిచ్చుక, తన జట్టు బాస్కెట్‌లో తనే వేసిన బంతి తెచ్చిన రెండు పాయింట్లు. అవి ఇచ్చింది నేను. రెండు వేళ్ళు ఎత్తి, మణికట్టు కిందికి విరిచి, నిబంధన ప్రకారం ఇచ్చాను.

నిబంధన అంటే గుర్తొస్తుంది, రిఫరీ పరీక్షకి ముందు మాకు పాఠం చెప్పిన పెద్దాయన నల్లబల్ల మీద రింగు బొమ్మ గీసి, బంతి రింగుకీ బోర్డుకీ మధ్య ఇరుక్కుంటే ఏం చేస్తారు అని అడిగేవాడు, బంతి కింది నుంచి రింగులోకి దూరి పైకి వస్తే ఏం చేస్తారు, జట్టులో ఇంకొకరికి విసిరిన బంతి దారి తప్పి బాస్కెట్‌లో పడితే ఇస్తారా ఇవ్వరా. మేమంతా చేతులెత్తేవాళ్ళం, బడిలో కూడా అంత ఉత్సాహంగా ఎత్తి ఉండను, పదో తరగతితో నా చదువు అయిపోయింది, ఆ తర్వాత నేను ఇష్టంగా చదివినవి ప్రార్థన పుస్తకం, ఈ నిబంధనల పుస్తకం, అంతే. కింది నుంచి వచ్చిన బంతికి పాయింట్లు లేవు, దారి తప్పి పడిన బంతికి ఉన్నాయి, ఇవన్నీ కంటితో చూసి చెప్పేవి, కష్టం లేదు. ఒక్కటే కష్టం. తన బాస్కెట్‌లో తనే పొరపాటున వేస్తే రెండు పాయింట్లు ఎదుటి జట్టుకి, ఆటలో ఉన్న వాళ్ళ కెప్టెన్ ఖాతాలో. కావాలని వేస్తే అది తప్పిదం, పాయింట్లు లేవు, బంతి మాత్రం ఎదుటివాళ్ళ చేతికి. కావాలనా, పొరపాటునా అన్నది మనకెలా తెలుస్తుంది సార్, అది మనసులో సంగతి కదా అని వెనక బెంచీలోంచి ఎవరో అడిగారు, నేనే అయ్యుంటాను, అలాంటివి అడిగేవాడిని నేనే. మనసు మీ పని కాదు, అది చూసేవాడు వేరే ఉన్నాడు, మీరు కాళ్ళు చూడండి అన్నాడాయన. మొహం నటిస్తుంది, కాళ్ళకి నటన రాదు. పొరపాటున వేసేవాళ్ళు గెలుస్తున్నట్టు పరిగెడతారు.

పిచ్చుక అలాగే పరిగెత్తింది. గెలుస్తున్నట్టే. ఆ మాట నోటితో చెప్పగలను, ప్రమాణం చేసి చెప్పగలను, చెబితే చాలు కదా, కాళ్ళు చూశాను, పొరపాటే, పాయింట్లు నిలుస్తాయి, నమస్కారం, ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఎందుకు ఆ వైపు పరిగెత్తింది అని అడిగితే? అడగరు. రెండో సగంలో బాస్కెట్లు మారతాయి, ఆడపిల్ల, కంగారు, విరామం తర్వాత మర్చిపోయింది, ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి అంటారు. కానీ పిచ్చుక మర్చిపోలేదు, మర్చిపోవడానికి ఆమె కాళ్ళకి ఆ దిక్కు అలవాటైతే కదా, మొదటి సగమంతా బెంచీ మీదే కూర్చోబెట్టారు. కోచ్ ఆమెకి సొంత మేనమామ, సొంతవాళ్ళకి పక్షపాతం చూపించాడంటారని ఆయనకి భయం, అందుకని అందరికంటే ఆలస్యంగా దింపుతాడు. విరామంలో నీళ్ళ డ్రమ్ము దగ్గర ఇద్దరూ గొడవపడ్డారు, నన్ను ఆడించకపోతే తీసుకురావడం ఎందుకు మావయ్యా అని ఆ పిల్ల అరవడం నీలం జట్టువాళ్ళు కూడా విన్నారు. ఆ తర్వాతే దింపాడు. విరామం అయ్యాక మధ్యగీత దగ్గర నుంచి బంతి లోపలికి వేయించాల్సింది నేను. ఈల వేసి, బంతి పసుపు జట్టుది అని చెప్పి, వాళ్ళు వెళ్ళాల్సిన దిక్కు చెయ్యి చాపి చూపించాలి, ఆ పని వేలసార్లు చేసి ఉంటాను, ఆలోచించకుండా చేస్తాను, ఆలోచించకుండానే చేశాను. ఎడమ చెయ్యి లేచింది. మొదటి సగమంతా పసుపు జట్టుకి లేచిన చెయ్యి అదే. బాస్కెట్లు మారిన సంగతి నా తలకి తెలుసు, భుజానికి తెలియదు. మిగతా పిల్లలు నన్ను చూడనైనా లేదు, వాళ్ళకి దిక్కు కాళ్ళలోనే ఉంది, కుడివైపు కదిలారు. అప్పుడే ఆటలోకి దిగిన ఆ పిల్ల ఒక్కతే నా చెయ్యి చూసింది. చూసి, బంతి అందుకుని, అటు తిరిగింది.

నవ్వారు. పరిగెడుతుండగా ఎవరూ నవ్వలేదు, బంతి వలలోంచి కిందికి జారాక గ్యాలరీ అంతా ఒక్క గొంతై నవ్వింది. ఆ పిల్ల రెండు పిడికిళ్ళూ పైకెత్తి వెనక్కి తిరిగింది, ఎత్తిన పిడికిళ్ళు ఎప్పుడు దించాలో తెలియక కాసేపు అలాగే ఉండిపోయింది. నీలం కెప్టెన్ మంచి పిల్ల, తను వెయ్యని బంతి తన పేరున పడిందని తెలిసి సిగ్గుపడింది, నాకొద్దు సార్ అంది నవ్వుతూ. నీకు వద్దన్నా నీదేనమ్మా, నిబంధన అన్నాను. నేనూ నవ్వాను. అది గుర్తొస్తే ఇప్పుడు మొహం దాచుకోవాలనిపిస్తుంది, నేనూ కాస్త నవ్వాను. అప్పటికి నా ఎడమ చెయ్యి నా పక్కనే ఉంది, బుద్ధిగా, ఎప్పుడూ ఎత్తనట్టు.

ఎవరూ చూడలేదు. ఇంకో రిఫరీ, మా ఇద్దరిలో పెద్ద, నన్ను తమ్ముడూ అని పిలిచే మనిషి, అవతలి వైపు నిలబడి పిల్లల తోపులాట మీద కన్నేశాడు. బల్ల దగ్గరివాళ్ళు గడియారం మీదికి వంగి ఉన్నారు. ఫోన్లలో వీడియో తీసినవాళ్ళు చాలామందే ఉన్నారు, మేనమామ అందరి ఫోన్లూ అడిగి అడిగి చూశాడు, ఒక్కదానిలోనూ నేను లేను, అంతటా పిచ్చుకే, పిచ్చుక పరుగు, పిచ్చుక పిడికిళ్ళు. అది అప్పుడే ఊరు తిరుగుతోందట, దానికి ఎవరో గాడిద అరుపు కూడా తగిలించారట, అటెండరు ఇందాక నాకే చూపించబోయాడు, చూడండి సార్ నవ్వలేక చస్తారు అని. ఆ పిల్ల అక్కడే కూర్చుని ఉంది. నేను వద్దన్నాను, మెల్లగా అన్నాను, ఇంకాస్త గట్టిగా అని ఉండాల్సింది.

ఆ ఫోన్లన్నీ చూశాకే మేనమామకి ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. నిబంధనలు ఆయనకీ తెలుసు. పొరపాటైతే ఓడిపోయినట్టు, కావాలనైతే గెలిచినట్టు. ఆ రెండు తీసేస్తే నీలం ఒక్క పాయింటు వెనక. దానికి కావాల్సినదల్లా ఆ పిల్ల నోటి వెంట ఒక్క మాట, అవును, మావయ్య మీద కోపంతో కావాలనే వేశాను అని. గొడవ విన్న సాక్షులు ఎదుటి జట్టులోనే ఉన్నారు. కోచ్‌గా ఆయన ఉద్యోగం ఈ కప్పు మీద ఆధారపడి ఉందని అందరూ అంటారు, చెడ్డవాడు కాదు, ఆ పిల్లని నాన్న లేని లోటు తెలియకుండా పెంచింది ఆయనేనట. అలాంటి మనిషి కూడా, గెలుపు అటు ఉంటే పిల్ల మొహం మర్చిపోతాడు, ఆయన్ని అనడానికి నేనెవరిని, నేను దేనికోసం మర్చిపోయాను. కావాలని వేసిన పిల్లని వచ్చే ఏడాది ఏ జట్టులోకీ ఎంపిక చెయ్యమని కమిటీ పెద్దావిడ ముందే చెప్పింది, సొంత జట్టుకి ద్రోహం చేసేవాళ్ళు మాకొద్దు అంది, న్యాయమే. అంటే గాడిద అరుపు పోయి ఆ స్థానంలో ద్రోహం వస్తుంది. నవ్వు నాలుగు రోజుల్లో మర్చిపోతారు. రెండోది మర్చిపోతారా?

ఇంటి దగ్గర ఈపాటికి మా ఆవిడ గేటు వైపు చూస్తూ ఉంటుంది. పిల్లలిద్దరూ కొట్టుకుని నా దగ్గరికి వస్తే నేను చూడలేదమ్మా అంటానని ఆవిడ ఎప్పుడూ దెప్పుతుంది, ఊరందరికీ ఈలలు వేస్తారు, ఇంట్లో మాత్రం మీ ఈల ఎవరో ఎత్తుకుపోతారు అంటుంది. నవ్వేస్తాను. వారమంతా నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పని చేస్తాను, ఆదివారాలు ఇది, గ్యాలరీలోంచి ఎవరైనా రిఫరీకి కళ్ళజోడు ఇప్పించండిరా అని అరిస్తే, మా దుకాణానికే రండి, తగ్గించి ఇస్తాను అని మనసులో అనుకుంటాను. దుకాణంలో ఒకటి గమనించాను. అద్దం మార్చి మార్చి ఇది బాగుందా అది బాగుందా అని అడుగుతాం, మొదట్లో కంటికి తోచింది చెబుతారు, కాస్త విసిగాక మన గొంతు వింటారు, మన గొంతు దేన్ని బాగుందంటే అదే బాగుందంటారు. తమ కన్ను కంటే అడిగేవాడు గట్టి అనుకుంటారు. అందుకే నేను రెండూ ఒకే గొంతుతో అడుగుతాను, యజమాని కూడా మెచ్చుకున్నాడు. గొంతు విషయంలో అంత జాగ్రత్త. చెయ్యి విషయంలో లేదు. మధ్యగీత దగ్గర ఆ పిల్లకి ఒక్క క్షణం అనుమానం వచ్చింది, నేను చూశాను, తల కాస్త అటూ ఇటూ ఊగింది, మళ్ళీ నా చెయ్యి చూసింది, రిఫరీ చూపిస్తున్నాడు కదా అనుకుంది.

ప్రతి ఆటకీ ముందు బూటు తాడు కట్టుకుంటూ వంగినప్పుడే ప్రార్థన చేసుకుంటాను, నిలబడి చేస్తే జనం చూస్తారని. స్వామీ, ఇవాళ నా కంట పడనిది ఏదీ ఉండకుండా చూడు. అంతే అడుగుతాను. ఎప్పుడైనా ఒక తప్పు తప్పించుకుపోతే కంట పడలేదు కదా, నా తప్పేముంది అని సర్దుకోవచ్చు, ఆ ప్రార్థనలో ఆ వెసులుబాటు ఉంది, ఇవాళే తెలిసింది. కంట పడ్డాక ఏం చెయ్యాలో నేను ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే నువ్వు ఇచ్చేవాడివేనా స్వామీ, ధైర్యం అడిగితే ఇస్తావా, లేక అది ఎవరికి వాళ్ళే తెచ్చుకోవాలా?

"సార్."

దారాలు లాగడం ఆపింది. గోడకేసి చూస్తూనే అడుగుతోంది.

"కావాలని వేశానని నేనే ఒప్పుకుంటే ఆ రెండూ తీసేస్తారు కదా సార్? నిబంధన అలాగే ఉందా? మావయ్య నన్ను ఊరికే ఓదార్చడానికి చెప్పాడేమోనని."

ఓదార్చడానికి. ఆయన ఆ మాటని ఈ పిల్లకి ఓదార్పుగా ఇచ్చాడు, నీ వల్ల పోయిన ఆటని నువ్వే తిరిగి తేవచ్చు అని. నేను రిఫరీని, నిబంధన అడిగితే చెప్పాలి, చెప్పాను.

"అలాగే ఉందమ్మా. కావాలని వేస్తే పాయింట్లు ఉండవు."

"అయితే మీరు కూడా నాకు అలాగే అనిపించింది అంటారా సార్? మీరే కదా దగ్గరగా ఉన్నది. మీరంటే నమ్ముతారు."

ఆ పిల్ల మళ్ళీ దారం లాగింది, నేను ఊరుకోవడాన్ని సరే అనుకుందో కాదనుకుందో తెలియదు. మీరంటే నమ్ముతారు. ఒకసారి నమ్మింది చాలదా తల్లీ. ఇలా కూడా ఆలోచించాను, దాచుకోవడం ఎందుకు, ఊరుకుంటే ఈ పిల్ల జట్టే గెలుస్తుంది కదా, ఈ పిల్ల కోరుకునేదీ అదే, అడిగింది కూడా, నేను నిజం చెబితే కప్పు పోతుంది, మేనమామ ఉద్యోగం పోతుంది, పిల్లలందరూ ఏడుస్తారు, నిజం వల్ల బాగుపడేది ఎవరు, నా మనసు ఒక్కటే. నా మనసు బాగు కోసం అంతమందిని ఏడిపించడం స్వార్థం కాదా, ఊరుకోవడమే త్యాగమేమో, స్వామీ, నువ్వే ఇలా తిప్పావేమో. ఎంత బాగుందో ఆ ఆలోచన, ఎంత మెత్తగా ఉందో. అంత మెత్తగా ఉందంటేనే అనుమానించాలి. త్యాగమైతే నా చేతిలోంచి ఏదో పోవాలి కదా, ఏం పోతోంది? వచ్చే నెలలో నాకు పై గ్రేడు పరీక్ష, పెద్ద రిఫరీ తన మాట మీద నా పేరు పంపాడు, మా తమ్ముడి చెయ్యి ఎప్పుడూ తప్పదు అని రాశాడట, అది పోదు, భద్రంగా ఉంటుంది. పోయేది ఈ పిల్లదే. పిల్ల చేత ఇప్పించి నేను త్యాగమంటున్నాను.

ఇంతసేపూ చెయ్యి చెయ్యి అనుకుంటున్నాను. చెయ్యి గురించి ఎంతసేపైనా అనుకోవచ్చు, చెయ్యి పొరపాటు, ఏ మనిషికైనా జరుగుతుంది. అసలు సంగతి చెయ్యి కాదు, దాని పక్కనున్నది, మనసు అక్కడికి వెళ్ళబోయి ప్రతిసారీ చెయ్యి దగ్గరే ఆగిపోతోంది. ఆ పిల్ల ఒక్కతీ, ముందు ఎవరూ లేరు, మధ్యగీత నుంచి రింగు దాకా బంతి కొట్టుకుంటూ వెళ్ళడానికి ఎంత సేపు పడుతుంది, కాస్త సేపు పడుతుంది. ఆ పిల్ల మొదటి అడుగు వెయ్యగానే నాకు తెలిసింది. చెయ్యి కిందికి దిగింది. విజిల్ నోట్లో ఉంది. పళ్ళ మధ్య ఉంది, ఊదడానికి ఊపిరి కూడా లోపల ఉంది. ఊదితే ఆట ఆగుతుంది, ఏమిటి అని పెద్ద రిఫరీ చూస్తాడు, తప్పు దిక్కు చూపించాను, మళ్ళీ మొదలుపెడదాం అనాలి, గ్యాలరీ నన్ను చూసి నవ్వుతుంది. అంతే జరిగేది. ఆ పిల్ల పరిగెడుతోంది, నేను లెక్కలు వేస్తున్నాను, పడదులే, బయటికి పోతుందిలే, ఎవరైనా అరుస్తారులే. బంతి పడ్డాక ఊదాను. పాయింట్లు ఇవ్వడానికి ఊదాను. పొరపాటు నా చేతిది, కావాలని చేసింది మాత్రం నోరు. కావాలనా, పొరపాటునా అని ఆ పిల్లని అడుగుతారట.

తలుపు తెరిచారు. ఇద్దర్నీ రమ్మన్నారు.

గదిలో పొడుగు బల్ల, చివర కమిటీ పెద్దావిడ, పక్కన పెద్ద రిఫరీ, గోడకి ఆనుకుని మేనమామ, ఎవరూ తాగని నీళ్ళ గ్లాసులు. పెద్దావిడ మెత్తగానే మాట్లాడింది, పిచ్చుకని కూర్చోమంది, ఆ పిల్ల కూర్చోలేదు. నీ మావయ్య చెప్పింది విన్నాం, నీ నోటితో వినాలి, దాని వల్ల నీకు ఏమవుతుందో తెలుసు కదా అని అడిగింది. తెలుసండీ అంది. మేనమామ నేలకేసి చూస్తున్నాడు, ఆ పిల్ల చెబుతుండగా చూడలేడు, ఆ మాత్రం ప్రేమ ఉంది, ఆ మాత్రం ప్రేమ నా దగ్గర కూడా ఉంది, చూపు తిప్పుకునేంత. పిచ్చుక గొంతు సర్దుకుంది. కావాలనే వేశాను, మావయ్య మీద కోపంతో అని బడిలో పద్యం అప్పజెప్పినట్టు చెప్పింది. పెద్దావిడ నా వైపు తిరిగింది. మీరు దగ్గరగా ఉన్నారు, మీరు పొరపాటని పాయింట్లు ఇచ్చారు, ఇప్పుడేమంటారు అంది.

పెద్ద రిఫరీ నన్ను చూసి తల ఊపాడు, చెప్పు తమ్ముడూ అన్నట్టు. పైన గ్యాలరీలో ఎవరో కాళ్ళతో దరువు వేస్తున్నారు. ఇప్పుడు కాకపోతే ఇంక ఎన్నడూ కాదని తెలుసు, ఆ తెలియడం కూడా ధైర్యంలా లేదు.

"ఆ పిల్ల కావాలని వెయ్యలేదండీ. నేను తప్పు దిక్కు చూపించాను. నా చెయ్యి చూసే వెళ్ళింది."

పెద్ద రిఫరీ, నువ్వా అన్నాడు, అంతే, ఆ తర్వాత తన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు, సర్దాల్సినవేమీ లేవు. పెద్దావిడ పిచ్చుకని అడిగింది, ఈయన చెప్పింది నిజమేనా అని. ఆ ప్రశ్నకి అవునంటే ఓడిపోతుంది, కాదంటే గెలుస్తుంది, ఎవరైనా పిల్లని అలా నిలబెడతారా, నిలబెట్టింది నేను. పిచ్చుక మేనమామ వైపు చూసింది. ఆయన అప్పటికే ఆ పిల్ల వైపు చూస్తున్నాడు, లోపలికి వచ్చాక మొదటిసారి.

"నిజమే మావయ్యా. సార్ అటే చూపించారు. నేనే సరిగ్గా చూడలేదేమో అనుకున్నా."

ఆ తర్వాతవన్నీ త్వరగా జరిగాయి. నిబంధన ఉన్నట్టే ఉంది, రిఫరీ చెయ్యి వల్ల వేసినా పొరపాటు పొరపాటే, పాయింట్లు నిలుస్తాయి, కప్పు నీలం జట్టుది. ఆ పిల్ల మీద ఏ మాటా లేదు, తప్పు రిఫరీదని మైకులో చెప్పిస్తాం అంది పెద్దావిడ. నా మీద ఆవిడకి కోపం రాలేదు, అదే ఇబ్బందిగా ఉంది, మనిషన్నాక పొరపాటు జరుగుతుంది, మీరు వచ్చి చెప్పడం గొప్ప విషయం అంది. గొప్ప. వద్దండీ అనాల్సింది, ఇంకా ఉందండీ అనాల్సింది, ఆ మాట వినగానే ఒంట్లో ఏదో తేలికపడింది, ఆ తేలిక వదులుకోవాలనిపించలేదు, తల వంచి నమస్కారం పెట్టి బయటికి వచ్చేశాను. మేనమామ నా వెనకే వచ్చాడు. ఆయన గొంతు పెంచలేదు.

"మీ మనసు కడుక్కోవడానికి మా కప్పు కావాల్సొచ్చిందా రిఫరీ గారూ? మైదానంలోనే చెప్పి ఉంటే అక్కడే తేలిపోయేది కదా."

జవాబు కోసం ఆగలేదు, పైకి వెళ్ళిపోయాడు, జట్టు పిల్లలకి చెప్పాలి కదా. పైన మైకు గరగరమంది, నీలం జట్టు అన్న మాట వినపడింది, కేకలు, మెట్లు దడదడలాడాయి. రిఫరీ అన్న మాట కూడా వినపడింది, ఆ తర్వాత నవ్వు. అదే నవ్వు, ఇందాక ఆటలో నేను తప్పించుకున్నది, మనిషి మారాడంతే. అనుకున్నంత బాధగా లేదు. దీన్ని తప్పించుకోవడానికా నేను ఆ పిల్లని పరిగెత్తనిచ్చింది.

పిచ్చుక బూట్ల సంచీ కోసం బెంచీ దగ్గరికి వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ ఏడుపు అయిపోయింది. థాంక్స్ చెబుతుందేమోనని భయపడ్డాను, నిజంగా భయపడ్డాను, చెబితే ఏం చెయ్యాలి. సంచీ భుజాన వేసుకుని, నా మొహంకేసి కాదు, నా మెడకేసి చూసింది.

"నేను పరిగెడుతూ ఒకసారి వెనక్కి చూశాను సార్. మీ చెయ్యి దించేసి ఉంది. విజిల్ మీ నోట్లోనే ఉంది కదా?"

అడగడంలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడుగుతోంది, తన కన్ను సరిగ్గా చూసిందో లేదో. ఈ పూటంతా ఆ పిల్ల అడిగేది అదొక్కటే, చూసినది చూసినట్టేనా అని. నేను కాదంటే ఈ పిల్ల మళ్ళీ నా మాటే నమ్ముతుంది.

"ఉందమ్మా" అన్నాను. "ఊదగలిగేవాణ్ణే. ఊదలేదు."

తల ఊపింది. సరేనన్నట్టు కాదు, లెక్క సరిపోయిందన్నట్టు. లోపల కుర్చీలు జరుపుతున్న చప్పుడు, వాళ్ళు లేచిపోతున్నారు, పెద్ద రిఫరీ దగ్గు వినపడుతోంది. ఆ పిల్ల తలుపు వైపు చూసింది, నా వైపు చూసింది.

"అది వాళ్ళకి చెప్పలేదు సార్ మీరు."

"చెప్పలేదు."

వెళ్ళిపోతుందనుకున్నాను. సంచీ దించి, బెంచీ మీద మళ్ళీ కూర్చుంది, ఈసారి ఆ చివర కాదు, మధ్యలో.

"వెళ్ళి చెప్పి రండి సార్" అంది. "నేను ఇక్కడే ఉంటాను."

వెళ్ళి తలుపు తట్టాను.